గీజర్ థర్మోస్టాట్ పోతే మార్పించండి, ‘డైరెక్ట్’ మాత్రం ఇప్పించకండి

మీ 25 లీటర్ల గీజర్‌లో ఒకరోజు నీళ్లు పొగలు కక్కేలా మరుగుతున్నాయని, మరుసటి రోజు గోరువెచ్చగా ఉండగానే ఆగిపోతోందని రాశారు. మెకానిక్ కొత్తది కొనమంటున్నాడు, మీరు కొనాలా వద్దా అని అడిగారు. కొనకండి. ట్యాంకు ఎక్కడా కారడం లేదని మీరే అంటున్నారు. అలాంటప్పుడు పోయింది నీళ్లు కావలసినంత వేడెక్కగానే కరెంటు ఆపే థర్మోస్టాటే, అనుమానం అక్కర్లేదు. అది కొన్ని వందల రూపాయల వస్తువు. దానికోసం నిక్షేపంలాంటి ట్యాంకును పాత ఇనుము కింద పడేయమని సలహా ఇచ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

నేనింత పొడుగ్గా రాయడానికి అసలు కారణం మీ ప్రశ్నలోని చివరి ముక్క. ‘కొత్త పార్టు దొరికేదాకా డైరెక్ట్ ఇస్తానంటున్నాడు, ఇప్పించుకోవచ్చా?’ అన్నారు. వద్దు. ఒక్క పూటకు కూడా వద్దు. థర్మోస్టాట్‌ను పక్కకు తప్పించి తీగలు నేరుగా కాయిల్‌కు కలిపేస్తే ఏమవుతుందో మా అక్క వాళ్ల ఇంట్లో కళ్లారా చూశాను.

అది భోగి పండుగ. కూకట్‌పల్లిలో వాళ్ల ఫ్లాటు నిండా చుట్టాలం. తెల్లవారుజాము నుంచి తలంట్లు సాగుతున్నాయి. ఇద్దరి స్నానాలయ్యాక అక్క తన మనవరాలిని పీట మీద కూర్చోబెట్టి నలుగు పెట్టడం మొదలుపెట్టింది. పిల్ల మారాం చేయడంతో చాలాసేపు పట్టింది. అంతసేపూ గీజర్ స్విచ్చు వేసే ఉంది. పైనుంచి గుడగుడమని, మధ్యమధ్యలో టకటకమని చప్పుడు వస్తుంటే నేను తలుపు దగ్గరికి వెళ్లి, “అక్కా, కుళాయి తిప్పకు” అంటూనే ఉన్నాను, ఆమె తిప్పేసింది. ముందు నీళ్లు రాలేదు. బుస్సుమని ఆవిరి తన్నుకొచ్చింది, ఆ వెనకే సలసల కాగే నీళ్లు చిమ్ముకుంటూ వచ్చాయి. అక్క పీటను కాలితో వెనక్కి నెట్టింది కాబట్టి పిల్లకు ఏమీ కాలేదు. ఆమె ముంజేయి మాత్రం మణికట్టు నుంచి మోచేతిదాకా బొబ్బలెక్కింది. అందరినీ బాత్రూములోంచి బయటికి పంపి నేను మెయిన్ బోర్డు దగ్గర గీజర్‌కు కరెంటు ఆపే ఎంసీబీ స్విచ్చు దించాను. అక్క చేతిని చాలాసేపు చల్లనీళ్ల ధార కింద ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్లాం.

సాయంత్రం గీజర్ పూర్తిగా చల్లారాక కింది మూత విప్పాను. రెండు తీగలను మెలిపెట్టి నల్ల టేపు చుట్టారు. వేడికి ఆ టేపు కరిగి జిగురైంది. తీసేసిన థర్మోస్టాట్‌ను లోపలే ఒక మూలకు తోసి ఉంచారు. దాన్ని విప్పి చూస్తే, కరెంటును కలపాల్సిన, విడదీయాల్సిన ఆవగింజంత బిళ్లలు రెండూ నల్లబడి ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. గోటితో లాగినా విడిపోలేదు. థర్మోస్టాట్ పనిచేయకపోయినా వేడి మితిమీరితే కరెంటు ఆపాల్సిన, పక్కనున్న థర్మల్ కటౌట్ నుంచి కూడా తీగలు పీకేశారు. అన్నిటికన్నా ఘోరం, ట్యాంకులో ఒత్తిడి పెరిగితే నీళ్లను బయటికి వదలడానికి చల్లనీళ్ల పైపు దగ్గరుండే సేఫ్టీ వాల్వ్ నోటికి మూత బిగించారు. ‘గోడ మీద నీళ్లు కారుతున్నాయి’ అని ఇంటి ఓనరు ఎప్పుడో బిగించారట.

ఆ వాల్వ్ గురించి కాస్త చెప్పాలి. నీళ్లు 20 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు చేరేసరికి ఒకటిన్నర శాతం దాకా వ్యాకోచిస్తాయి. 25 లీటర్ల ట్యాంకులో అది పెద్ద గ్లాసుడు నీళ్లు. అదే వాల్వ్ నీళ్లను వెనక్కి పైపులోకి పోనివ్వదు కాబట్టి ఆ గ్లాసుడు నీళ్లూ చుక్కచుక్కగా బయటికి రావాల్సిందే. గీజర్ వేడెక్కేటప్పుడు అక్కడ చుక్కలు పడుతున్నాయంటే వాల్వ్ తన పని తాను చేస్తోందని అర్థం. ఒక సన్నటి గొట్టం తగిలించి నేల మీదికి వదిలితే గోడ తడవదు. అంత చిన్న పని చేయకుండా మూత బిగించేవాళ్లు ఇప్పటికీ ప్రతి అపార్టుమెంటులో ఉన్నారు.

బావగారు ఫోను చేసి అడిగితే మెకానిక్ తడుముకోకుండా చెప్పాడు: “పార్టు దొరకలేదు సార్, అందుకే డైరెక్ట్ ఇచ్చాను. పదిహేను నిమిషాలకు ఆఫ్ చేసుకోమని చెప్పాను కదా. అయినా బకెట్లో పెట్టే రాడ్డుకు థర్మోస్టాట్ ఉంటుందా?”

ఈ మాట నాకు చాలామంది చెప్పారు, పాత రాగి బాయిలర్‌కు మాత్రం థర్మోస్టాట్ ఉందా అని కూడా అడిగారు. లేదు. కానీ బకెట్టు మూతి తెరిచి ఉంటుంది. నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరిగి ఆవిరి పైకి పోతుంది, అంతే. రాగి బాయిలర్‌లోనూ ఆవిరి పోవడానికి దారి ఉంటుంది. గీజర్ మూసిన ట్యాంకు. లోపల ఒత్తిడి పెరిగేకొద్దీ నీళ్లు మరిగే ఉష్ణోగ్రత కూడా పెరుగుతుంది. మామూలు గాలి ఒత్తిడికి ఏడు రెట్లుంటే 165 డిగ్రీల దాకా నీళ్లు నీళ్లుగానే ఉంటాయి. కుళాయి తిప్పినా, ట్యాంకు పగిలినా ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి అందులో కొంత భాగం క్షణంలో ఆవిరవుతుంది. ఒక లీటరు నీళ్లు ఆవిరైతే 1,600 లీటర్లకు పైగా చోటు కావాలి. అక్కకు చేయి మాత్రమే కాలింది, ఆ ట్యాంకే పగిలి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు వణుకు పుడుతుంది. ‘ఆఫ్ చేసుకోమని చెప్పాను కదా’ అనేది జవాబే కాదు. పండుగ పూట, ఇంటినిండా జనం ఉన్నప్పుడు, నిద్రమత్తులో మనిషి మరిచిపోతాడు కాబట్టే థర్మోస్టాట్‌ను కనిపెట్టారు.

ఎంత చక్కటి పరికరమో చూడండి. కడ్డీ రకం థర్మోస్టాట్‌లో ఇత్తడి గొట్టం, దాని లోపల ఇన్వార్ అనే మిశ్రలోహపు కడ్డీ ఉంటాయి. ఇత్తడి వేడికి సాగుతుంది, ఇన్వార్ దాదాపు సాగదు. ఆ తేడాతోనే స్విచ్చు విడిపోతుంది. ఈ ఇన్వార్‌ను 1896లో కనిపెట్టిన షార్ల్ ఎడ్వార్ గియోమ్‌కు 1920లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. అలాంటి వస్తువును రెండంగుళాల నల్ల టేపుతో తీసిపారేస్తున్నాం.

ఇక మీది ఎందుకు పోయిందంటే, నన్నడిగితే బోరు నీళ్లే కారణం. తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కఠినత్వం, అంటే నీళ్లలో కరిగి ఉన్న సున్నంలాంటి లవణాల మోతాదు, లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే దిక్కు లేకపోతే 600 దాకా సరిపెట్టుకోవచ్చు. తాగే నీళ్లకు ఇంటింటా ఫిల్టరు పెట్టుకుంటాం, గీజర్‌లోకి పోయే నీళ్లను మాత్రం ఎవరూ పరీక్ష చేయించరు. నీళ్లు వేడెక్కినప్పుడల్లా సున్నం విడిపోయి కాయిల్ మీద, థర్మోస్టాట్ కడ్డీ దూరే తొడుగు మీద తెల్లగా పేరుకుంటుంది. తొడుగు మీద సున్నం పడితే లోపలి కడ్డీకి వేడి ఆలస్యంగా తెలుస్తుంది, ఈలోగా నీళ్లు మరిగిపోతాయి. బిళ్లలు కాలి గుంటలు పడితే ఒకరోజు అతుక్కుంటాయి, ఇంకోరోజు ఆనవు. మీరు రాసిన రెండు లక్షణాలూ ఇవే.

మెకానిక్ వచ్చినప్పుడు స్విచ్చు ఆపడంతో సరిపెట్టకుండా ఎంసీబీ దింపించండి. మల్టీమీటరుతో కాయిల్ నిరోధాన్ని చూడమనండి. 2,000 వాట్ల కాయిల్ అయితే 26 ఓమ్‌లు దరిదాపుల్లో చూపాలి. అది సరిగ్గా ఉంటే కాయిల్ మార్చనక్కర్లేదు, సున్నం గీకి కడిగితే చాలు. థర్మోస్టాట్, కటౌట్ రెండూ ఒకేసారి, అదే రకం, అదే పొడవు చూసి మార్పించండి. మెగ్నీషియం కడ్డీ అరిగిపోయి ఉంటే అదీ మార్పించండి, ట్యాంకు తుప్పు పట్టకుండా కాపాడేది అదే. బిల్డర్లు గీజర్‌ను స్లాబుకు ఆనించి పెట్టించడం వల్ల మూత విప్పే చోటు లేకపోతే మెకానిక్ విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి.

బిగించాక అతన్ని వెంటనే పంపించేయకండి. 25 లీటర్ల చల్లనీళ్లు 60 డిగ్రీలకు రావడానికి 2,000 వాట్ల కాయిల్‌కు అరగంట పడుతుంది. అరగంట దాటాక ఎర్రదీపం దానంతటదే ఆరాలి. ఆరిందని మీ కళ్లతో చూశాకే డబ్బులివ్వండి. 60 డిగ్రీల నీళ్లు ఐదారు సెకన్లు తగిలితే పెద్దవాళ్ల చర్మమే కాలిపోతుంది, ఇంట్లో పిల్లలుంటే థర్మోస్టాట్ మీట ఇంకాస్త తగ్గించి పెట్టించండి. పార్టు దొరికేదాకా గీజర్ ప్లగ్గు పీకేసి గ్యాస్ పొయ్యి మీద నీళ్లు కాచుకోండి.