యూదుల క్యాలెండర్ మన పంచాంగం లాంటిదేనా? నా అనుభవం చెప్తాను

మీ వదిన ఇజ్రాయెల్‌కి కేర్‌గివర్ పనికి వెళ్తోందని, అక్కడి పండుగల తేదీలు ప్రతి ఏడాదీ ఎందుకు మారతాయో, మన పంచాంగం పెట్టుకుని అంచనా వేయొచ్చో లేదో చెప్పమని అడిగారు. మాది నిజామాబాద్ వైపు. 2019 ఫిబ్రవరి నుంచి ఐదేళ్ళ పైచిలుకు టెల్ అవీవ్ పక్కనే ఉన్న రమత్ గన్‌లో ఒక పెద్దామెను చూసుకున్నాను. ఆమె బాగ్దాద్‌లో పుట్టిన మనిషి, 1951లో ఇరాక్ యూదుల్లో చాలామందితో పాటు విమానంలో వచ్చేశారు. నేను సవ్తా అని పిలిచేదాన్ని, అంటే అమ్మమ్మ.

పంచాంగం తెలిసినవాళ్ళకి వాళ్ళ క్యాలెండర్ సగం తెలిసినట్టే. మిగతా సగం దగ్గరే బోల్తా పడతాం, నేను పడ్డాను.

మనలాగే వాళ్ళకీ అమావాస్య దాటగానే నెల మొదలు, 15వ తారీఖుకి పౌర్ణమి. నెలకి 29 లేదా 30 రోజులు, పన్నెండు నెలలు కలిపితే 354 రోజుల దాకా వస్తాయి. సూర్యుడి లెక్కకి పదకొండు రోజులు తక్కువ కాబట్టి మనలాగే అధిక మాసం కలుపుతారు. ముస్లింలు అలా కలపరు కాబట్టే రంజాన్ ఒకసారి ఎండాకాలంలో, ఒకసారి చలికాలంలో వస్తుంది. యూదులకి ఆ వీలు లేదు, ఈజిప్టు బానిసత్వం నుంచి బయటపడ్డందుకు చేసుకునే పెసాహ్ పండుగ వసంతంలోనే రావాలని వాళ్ళ శాస్త్రం.

నేను వెళ్ళిన ఏడాది అన్నీ మనవాటితో కలిసొచ్చాయి. మార్చి 21న మనకి హోలీ, అదే రోజు వాళ్ళకి పూరిం, పిల్లలు వేషాలు వేసుకుని వీధుల్లో తిరిగే పండుగ. ఏప్రిల్ 6న ఉగాది, వాళ్ళ నీసాన్ నెల మొదటి రోజూ అదే. ఏప్రిల్ 19 చైత్ర పౌర్ణమి, ఆ రాత్రే పెసాహ్ విందు. ఇంకేముంది, ఇంటికి ఫోన్ చేసి "అమ్మా, వీళ్ళవీ మనవీ ఒకటే లెక్క" అని పెద్ద పండితురాలిలా చెప్పాను.

ఆ ధీమాతోనే దసరాకి దెబ్బ తిన్నాను. కేర్‌గివర్లకి ఏడాదికి తొమ్మిది పండుగ సెలవులుంటాయి. వాళ్ళ పండుగలైనా తీసుకోవచ్చు, మన పండుగలైనా రాసివ్వొచ్చు. నేను అక్టోబర్ 8 దసరా అని రాశాను. సవ్తా కూతురు చూసి "మరుసటి రోజు యోమ్ కిప్పూర్, తెలుసుగా" అంది. యోమ్ కిప్పూర్ అంటే వాళ్ళ పెద్ద ఉపవాసం రోజు. 9న కదా, 8 రాత్రికి వచ్చేస్తాలే అనుకున్నాను. కానీ వాళ్ళకి రోజు మొదలయ్యేది తెల్లారాక కాదు, పొద్దుగూకాక. పంచాంగంలో సూర్యోదయానికి ఏ తిథి ఉందో చూసే అలవాటు మనది. వాళ్ళకి 9వ తేదీ పండుగ అంటే 8 సాయంత్రమే మొదలైపోయినట్టు.

దక్షిణ టెల్ అవీవ్‌లో, పాత బస్టాండు దగ్గర స్నేహితురాళ్ళ గదిలో పులిహోర తిని, జమ్మి ఆకు లేకపోయినా ఒకరికొకరం దండాలు పెట్టుకుని కిందికి దిగేసరికి రోడ్డు మీద ఒక్క బస్సు లేదు. బస్సేంటి, కారు కూడా లేదు. ఆ రోజు అంబులెన్సులు, పోలీసు బండ్లు తప్ప ఏదీ తిరగదు, విమానాశ్రయం కూడా మూసేస్తారు. సవ్తా ఒక్కతే ఉంటుందేమో, కూతురు ఏమంటుందో అని ఒకటే టెన్షన్, సరే అని నడక మొదలెట్టాను. ఆరేడు కిలోమీటర్లుంటుంది. జబోటిన్‌స్కీ రోడ్డు ఎప్పుడూ లారీలతో హారన్లతో హోరెత్తిపోతుంది కదా, ఆ రాత్రి రోడ్డు నడిమధ్యలో పిల్లలు సైకిళ్ళు తొక్కుతున్నారు, తెల్ల బట్టలేసుకున్న ముసలాళ్ళు గుడి నుంచి నెమ్మదిగా నడిచొస్తున్నారు, సిగ్నల్ లైట్లు మాత్రం ఎవరి కోసమో ఎర్రవీ పచ్చవీ మారుతూనే ఉన్నాయి. అంత పెద్ద ఊళ్ళో నా చెప్పుల చప్పుడు నాకే వినపడింది. ఇంటికి చేరేసరికి సవ్తా మేలుకునే ఉంది, కూతురు కూడా. ఎవరూ తిట్టలేదు, ఉపవాసం కదా, మర్నాడు రాత్రి దాకా దాచుకుని అప్పుడు తిట్టింది.

సరే, దసరాకి వాళ్ళ ఉపవాసం వస్తుందని నేర్చుకున్నానా, 2020లో అదీ తప్పైంది. సెప్టెంబర్ 18 సాయంత్రం వాళ్ళ కొత్త సంవత్సరం రోష్ హషానా మొదలైంది (అదే రోజు రెండో లాక్‌డౌన్ కూడా), పదో రోజుకి, అంటే సెప్టెంబర్ 28న, యోమ్ కిప్పూర్. మన దసరా ఏమో అక్టోబర్ 25! కారణం అధిక మాసమే. సంక్రమణం (సూర్యుడు రాశి మారడం) లేని నెల ఏదైతే అది మనకి అధికం, ఆ ఏడాది ఆశ్వయుజం అయింది. వాళ్ళకి అలా కాదు, 19 ఏళ్ళలో ఏడుసార్లు, ఎప్పుడూ ఒకే చోట, పూరిం వచ్చే అదార్ నెల దగ్గరే కలుపుతారు, అలా కలిపిన ఏడాది అదార్లు రెండు. మనం 2020లో కలిపేశాం, వాళ్ళు 2022 ఫిబ్రవరిలో గానీ కలపలేదు. ఈ మధ్యలో అన్నీ ఒక నెల తేడా, 2021లో పెసాహ్ మన హోలీ పున్నమికే వచ్చింది. 2022లో వాళ్ళూ కలిపాక మళ్ళీ లెక్క కుదిరి, అక్టోబర్ 5న దసరా, యోమ్ కిప్పూర్ ఒకే రోజు పడ్డాయి.

ఇంట్లో పనిచేసేవాళ్ళకి అసలు పరీక్ష పెసాహ్. ఏడు రోజులు ఇంట్లో పులిసిన పిండి అన్నది ఉండకూడదు. రొట్టె, బిస్కెట్, గోధుమ, బార్లీ సరుకు ఏదైనా సరే. సోఫా సందుల్లో, కోటు జేబుల్లో ముక్కల కోసం వెతుకుతారు. రెండు రోజుల ముందు నా అరలో ఉప్మా రవ్వ ప్యాకెట్ దొరికింది. "ఇది పిండి కాదు, రవ్వ" అని నేను, "గోధుమే కదా" అని కూతురు. గోధుమేనని ఒప్పుకోక తప్పలేదు, పండుగ అయ్యేదాకా ఆ ప్యాకెట్ స్నేహితురాలి గదిలో ఉంది.

అన్నం మాత్రం బతికించింది. యూరప్ నుంచి వచ్చిన చాలా కుటుంబాలు ఆ వారం బియ్యం, పప్పులు కూడా ముట్టవు, ఇరాక్ వాళ్ళు తింటారు. కాకపోతే బియ్యంలో ఒక్క గోధుమ గింజ కూడా ఉండకూడదు కాబట్టి మూడుసార్లు ఏరాలి. సవ్తా బల్ల మీద తెల్ల దుప్పటి పరిచి, గుప్పెడు గుప్పెడు పోసి, వేలితో ఒక్కో గింజా ఇవతలికి లాగేది. నేను స్టీలు పళ్ళెంలో పోసి మా అమ్మ చాటలో చెరిగినట్టు చెరిగితే ఆమె అద్దాలు తీసి మరీ చూసింది. మా ఇంట్లో ఏరేది రాళ్ళు, వడ్ల గింజలు, అక్కడ ఏరేది గోధుమలు, అంతే తేడా. కానీ మూడుసార్లంటే మూడుసార్లే, నా చెరుగుడు లెక్కలోకి రాలేదు. మీ వదిన వెళ్ళే ఇల్లు ఏ దేశం నుంచి వచ్చిన కుటుంబమో ముందే కనుక్కోమనండి, వంటగది అంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

మిగతావి తొందరగా చెప్తాను. రోష్ హషానాకి ఆపిల్, తేనె అని అందరూ రాస్తారు గానీ సవ్తా పళ్ళెంలో బొబ్బర్లు, సొరకాయ కూడా ఉండేవి, చూసి ప్రాణం లేచొచ్చింది. ఆ నెల పౌర్ణమికి సుక్కోత్, బాల్కనీల్లో ఈతాకులో తాటాకులో కప్పిన పందిళ్ళు వేసుకుని వారం రోజులు అందులోనే తింటారు. దాని చివర సిమ్హత్ తోరా, వాళ్ళ పవిత్ర గ్రంథం తోరా పండుగ. 2023 అక్టోబర్ 7 హమాస్ దాడి ఆ పండుగ రోజే జరిగింది, దాని గురించి ఇక్కడ రాయలేను. చలికాలంలో హనుక్కా, ఎనిమిది రోజుల దీపాలు, జామ్ పెట్టిన బూరెల్లాంటివి తింటారు, పనులకి సెలవు మాత్రం ఉండదు. పెసాహ్ రెండో రోజు నుంచి 49 రోజులు లెక్కపెట్టి షవూవోత్ పండుగ, పాల వంటలు. పెసాహ్ అయిన రెండు వారాల్లో రెండు సంతాప దినాలున్నాయి, పొద్దున రెండు నిమిషాలు సైరన్ మోగుతుంది, కార్లు ఆపి దిగి నిలబడతారు. కొత్తవాళ్ళు రాకెట్ దాడి అనుకుని హడలిపోతారు, మీ వదినకి ఇది తప్పకుండా చెప్పండి.

తేదీలకి పంచాంగం మీద ఆధారపడొద్దు, ఫోన్ క్యాలెండర్‌లో యూదుల పండుగలు ఆన్ చేసుకోమనండి. అందులో చూపించే తేదీకి ముందు రోజు సాయంత్రమే పండుగ మొదలని గుర్తుంటే చాలు. 2026లో మనకి అధిక జ్యేష్ఠం ఉంది, వాళ్ళ అధికం 2027లో గానీ రాదు, కాబట్టి దసరా అక్టోబర్ 20 అయితే యోమ్ కిప్పూర్ సెప్టెంబర్ 21. అంటే 20వ తేదీ మధ్యాహ్నం రెండు గంటలకే మీ వదిన ఇంట్లో ఉండాలి.