టెక్ సందేహాలు: రిగ్గు ఎప్పుడొస్తుందో సాఫ్ట్‌వేర్‌కు తెలుసా?

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో సగం ఫోను బ్యాటరీ గురించి, మిగతా సగం నిండిపోయిన మెమరీ గురించి ఉంటాయి. ఈసారి చమురు బావుల మీద ఒకటి వచ్చింది. అది చదివాక పాత కట్ట విప్పి చూస్తే అదే దారిలో మరో ఐదు కనిపించాయి. అన్నింటికీ ఇక్కడే జవాబులు. బ్యాటరీ వాళ్లు ఒక్క వారం ఓపిక పట్టాలి.

గోదావరి జిల్లాల్లో ఒకే రిగ్గుతో వరుసగా ఆరు బావులు తవ్వే పనికి నేను షెడ్యూలు వేస్తున్నాను. బావికి 30 రోజుల చొప్పున ప్రాజెక్టు సాఫ్ట్‌వేర్‌లో ఎక్కిస్తే 180 రోజులకు ఒక తేదీ చూపిస్తోంది. ఇంతవరకు ఏ పనీ అలా చూపించిన తేదీకి పూర్తి కాలేదు. ఇంకా ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొంటే సరిపోతుందా?
– ప్లానింగ్ ఇంజినీరు, రాజమహేంద్రవరం

కొనకండి. తప్పు సాఫ్ట్‌వేర్‌లో లేదు, మీరు ఎక్కించిన 30లో ఉంది.

ఆ 30 ఎక్కడిది? పాత బావులు ఎక్కువగా 30 రోజుల దగ్గర పూర్తయ్యాయి కాబట్టి అదే వేసి ఉంటారు. కానీ అన్నీ కలిసివచ్చిన బావి మహా అయితే పది రోజులు ముందు పూర్తవుతుంది. కలిసిరాని బావి అలా కాదు. పైపు లోపల పట్టేయవచ్చు. మడ్, అంటే తవ్వేటప్పుడు బావిలో తిప్పే బురద ద్రవం, రాతి పగుళ్లలోకి జారిపోయి పైకి తిరిగి రాకపోవచ్చు. సిమెంటు సరిగ్గా పట్టక మళ్లీ వేయవలసి రావచ్చు. తెగి అడుగున పడిన ముక్కను బయటికి లాగడానికే వారాలు పట్టవచ్చు. ముందుకు జరిగితే పది రోజులు, వెనక్కి జరిగితే నలభై. ఈ ఒంటివైపు బరువు మీ 30లో లేదు.

దీనికి పాత పద్ధతి ఒకటి ఉంది. 1958లో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణుల పని కోసం తయారు చేయించిన పెర్ట్. ప్రతి పనికీ ఒక అంకె కాకుండా మూడు అడుగుతుంది: అన్నీ కుదిరితే ఎన్ని రోజులు, మామూలుగా ఎన్ని, అన్నీ చెడితే ఎన్ని. మధ్య అంకెను నాలుగుతో గుణించి, మిగతా రెండూ కలిపి, ఆరుతో భాగించాలి. మీ బావికి 20, 30, 70 అనుకుందాం. సగటు 35 వస్తుంది. ఆరు బావులకు 210 రోజులు. అంటే మీ 180కి మొదటి రోజునే నెల రోజుల అప్పు ఉంది.

ఇక ఊగిసలాట ఎంతో చూద్దాం. 70లోంచి 20 తీసి ఆరుతో భాగిస్తే ఒక్కో బావికి 8.3 రోజులు. ఒక బావి కష్టానికీ మరో బావి కష్టానికీ సంబంధం లేదనుకుంటే ఆరింటికి కలిపి 20 రోజుల పైచిలుకు. ఈ లెక్కన 180 రోజుల్లో పని పూర్తయ్యే అవకాశం వందకు సుమారు ఏడు. వందకు ఎనభై పాళ్లు ధైర్యంగా చెప్పగలిగిన అంకె 227.

ఆ ‘సంబంధం లేదనుకుంటే’ అన్న మాటను తేలిగ్గా దాటేయవద్దు. అదే రిగ్గు, అదే సిబ్బంది, అవే రాతి పొరలు. మొదటి బావిని ఇబ్బంది పెట్టిన పొర ఆరో బావి దారిలోనూ ఉంటుంది. ఆరూ ఒకేసారి మంచికో చెడుకో పోతాయనుకుంటే 227 కాస్తా 252 అవుతుంది. నిజం ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది. అది ఎక్కడో చెప్పవలసింది మీ భూగర్భ శాస్త్రవేత్తే, సాఫ్ట్‌వేర్ కాదు.

ఇంతవరకు చెప్పింది తవ్వకం సంగతి. నా అనుభవంలో షెడ్యూళ్లు ఎక్కువగా దెబ్బతినేది తవ్వే చోట కాదు, ఎదురుచూసే చోట. మూడో బావి మొదలుకావాలంటే రిగ్గు రెండో బావి నుంచి విడుదల కావాలి, లొకేషన్‌కు దారి, గట్టి నేల సిద్ధంగా ఉండాలి, బావి గోడకు ఆసరాగా వేసే కేసింగ్ పైపులు వచ్చి దిగి ఉండాలి. మూడింటికీ విడివిడిగా వందకు ఎనభై పాళ్లు సమయానికి అందే అవకాశం ఉందనుకోండి. ముగ్గురు బాధ్యులూ సమీక్షలో ‘దాదాపు ఖాయం సార్’ అంటారు. మూడూ కలిసి అందే అవకాశం మాత్రం 51 పాళ్లే. నాణెం ఎగరేసినట్టే. ప్రతి పనికీ ఒక గీత చొప్పున గీసే బార్ల పటంలో ఈ సంగతి కనిపించదు. మూడు గీతలు ఒకచోట చక్కగా కలిసినట్టు ఉంటుంది, చూడటానికి ముచ్చటగా కూడా ఉంటుంది.

ఇంకొకటి, క్యాలెండరు. సెప్టెంబరులో తవ్వవలసిన బావి జారి నవంబరులో పడితే అది అదే బావి కాదు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో తుపానుల కాలం. సముద్రం మీద రిగ్గయితే వాతావరణం కోసమే రోజులు పోతాయి. నేల మీదనైనా వాన పడితే బరువు బళ్లు లొకేషన్‌కు చేరవు. కాబట్టి బావికి పట్టే రోజులు అది మొదలయ్యే నెలను బట్టి మారేలా లెక్క రాసుకోండి. ఎక్సెల్‌లో ఒక్క ఇఫ్ ఫార్ములాతో అయ్యే పని ఇది. నేను చూసిన షెడ్యూళ్లలో పదింటికి తొమ్మిది ఈ పని చేయవు.

అన్నీ చెడితే అన్న అంకెలో బ్లోఅవుట్ (బావి అదుపు తప్పి గ్యాసు, చమురు ఎగజిమ్మడం) లాంటివి కలపకండి. 1995 జనవరి 8న పాశర్లపూడి బావిలో అంటుకున్న మంట ఆరడానికి 65 రోజులు పట్టింది. కోనసీమలో ఆ మాట ఇంకా ఎవరూ మరచిపోలేదు. అలాంటిదాన్ని సగటులో కలిపితే మామూలు రోజుల లెక్క చెడుతుంది, ప్రమాదం లెక్కా సరిగా రాదు. దానికి వేరే కాగితం ఉండాలి.

ఇక సాధనాలు. మీ దగ్గర ఎక్సెల్ ఉంటే చాలు. లేకపోతే డబ్బు కట్టనక్కరలేని లిబ్రే ఆఫీస్ క్యాల్క్ కూడా సరిపోతుంది. బార్ల పటానికి ప్రాజెక్ట్‌లిబ్రే, గ్యాంట్‌ప్రాజెక్ట్ ఉచితంగా దొరుకుతాయి. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ పాత రూపాల్లో పెర్ట్ లెక్కకు ఒక టూల్‌బార్ ఉండేది. 2010 రూపం నుంచి తీసేశారు. దాని కోసం మెనూలన్నీ వెతికి అలసిపోవద్దు. వందల పనులు, పది రిగ్గులు ఉంటే అప్పుడు ప్రైమవేరా అనే పెద్ద షెడ్యూలు సాఫ్ట్‌వేర్, దానికి తోడు రిస్క్ విశ్లేషణ సాఫ్ట్‌వేర్ గురించి ఆలోచించవచ్చు.

పై అధికారికి ఒక తేదీ ఇవ్వకండి, రెండు ఇవ్వండి: సగం అవకాశం ఉన్నదొకటి, ఎనభై పాళ్లు ఉన్నదొకటి. ‘నాకు ఒకటే కావాలి’ అంటే రెండోది ఇవ్వండి. వెనకబడిన షెడ్యూలు రిగ్గు మీద ఎంత ఒత్తిడి పెంచుతుందో తెలియాలంటే మెక్సికో సింధుశాఖలోని మకోండో బావిని తలచుకోవాలి. 2010 ఏప్రిల్ 20న అది పేలి 11 మంది చనిపోయిన నాటికి అక్కడి డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు పని సుమారు 43 రోజులు వెనకబడి ఉంది. ప్రమాదానికి ఆలస్యం ఒక్కటే కారణం కాదు. అయినా గడిచే ప్రతి రోజుకూ లక్షల డాలర్ల లెక్క తలమీద ఉన్నప్పుడు, ఇంకో పరీక్ష చేద్దామని నోరు తెరవడం ఎవరికైనా కష్టమే.

మీరు గతంలో చెప్పినట్టు ఎక్సెల్‌లో పది వేల వరుసలతో మాంటే కార్లో చేశాను. ఏ గడిలో ఏం మార్చినా అంకెలన్నీ మారిపోతున్నాయి. ల్యాప్‌టాప్ కూడా నత్తలా నడుస్తోంది. పాడైందా?
– డ్రిల్లింగ్ విభాగంలో ఉద్యోగి, నరసాపురం

పాడవలేదు. మాంటే కార్లో అంటే పాచిక వేసినట్టు వచ్చే అంకెలతో ఒకే లెక్కను వేల సార్లు వేసి చూడటం. ఆ అంకెలిచ్చే ర్యాండ్ ఫంక్షన్ స్వభావమే అంత. షీటు మళ్లీ లెక్క వేసుకున్న ప్రతిసారీ కొత్త పాచిక వేస్తుంది. ఫార్ములాస్ ట్యాబులో క్యాలిక్యులేషన్ ఆప్షన్స్‌కు వెళ్లి మాన్యువల్ ఎంచుకోండి. ఇక మీరు ఎఫ్9 నొక్కినప్పుడే కదులుతుంది. నివేదికలో పెట్టే ఫలితాన్ని కాపీ చేసి, విలువలుగా మాత్రమే వేరే షీటులో అతికించండి. లేకపోతే సమావేశంలో మీరు చదివే అంకె ఒకటి, తెరమీద కనిపించేది మరొకటి అవుతుంది. ఈ అవమానం నేనూ పడ్డాను.

పది వేలు అవసరమా అంటే, వెయ్యి సార్లు వేస్తే ‘80 పాళ్లు’ అన్న జవాబులో అటూ ఇటూ ఒక పాలుకు కాస్త పైన తేడా ఉంటుంది. పది వేలకు అది అర పాలుకు లోపు. మీ మూడు అంకెలే ఊహలైనప్పుడు ఆ సన్నని తేడా కోసం ల్యాప్‌టాప్‌ను ఏడిపించనక్కరలేదు.

పాత బావుల రోజువారీ నివేదికలన్నీ ఒక ఏఐ చాట్‌బాట్‌కు ఇచ్చి, తర్వాతి బావికి ఎన్ని రోజులు పడుతుందో అడిగితే 34 అని చెప్పింది. నమ్మవచ్చా?
– ఇంజినీరు, కువైట్ (సొంత ఊరు కాకినాడ)

ముందు ఉద్యోగం సంగతి. ఆ నివేదికలు మీ సంస్థ సొత్తు. అనుమతి లేకుండా బయటి సేవలోకి ఎక్కించడం మీ కాంట్రాక్టుకే ముప్పు. ఇప్పటికే చేసి ఉంటే ఆ సంభాషణ తొలగించి, ఇకపై మానండి.

ఆ 34 విషయానికొస్తే, అది లెక్క వేసి చెప్పిందో, వినడానికి బాగుందని చెప్పిందో మీకు తెలియదు. జవాబు అడగకండి, ప్రోగ్రాము రాయించుకోండి. ప్రోగ్రామును చదివి పరీక్షించవచ్చు. నివేదికల నుంచి మీరు స్వయంగా తీయవలసింది ఒకటుంది: ప్రతి బావికీ నిజంగా తవ్విన రోజులు వేరుగా, ఊరికే పోయిన రోజులు వేరుగా. ఈ రెండూ కలిపేస్తే ఏ యంత్రమూ విడదీయలేదు.

పైథాన్ భాషలో రాయించుకున్నాక ఒక చోట జాగ్రత్త. పైథాన్‌తో వచ్చే ర్యాండమ్‌లోని మీ మూడు అంకెల మధ్య పాచిక వేసే ట్రయాంగ్యులర్ ఫంక్షను కనిష్ఠం, గరిష్ఠం, మధ్యది అనే వరుసలో అంకెలు అడుగుతుంది. పైథాన్‌కు అంకెల లెక్కల కోసం జోడించే నంపైలో అదే పేరున్న ఫంక్షను కనిష్ఠం, మధ్యది, గరిష్ఠం అని అడుగుతుంది. నంపైకి తప్పు వరుసలో 20, 70, 30 ఇస్తే తప్పని చెప్పి ఆగిపోతుంది. పైథాన్ మామూలు ఫంక్షనుకు 20, 30, 70 ఇస్తే కిమ్మనకుండా 20కీ 42కీ మధ్య అంకెలు ఇస్తూ పోతుంది. మీ 70 రోజుల కష్టకాలం మాయమై షెడ్యూలు అద్భుతంగా కనిపిస్తుంది. ఎవరూ అనుమానించరు, ఎందుకంటే అందరికీ కావలసిన జవాబు అదే.

పాఠంలో పీ90 అంటే తక్కువ అంచనా అని చదివాను. ఇంటర్న్‌షిప్‌లో పీ90 తేదీ అంటే ఆలస్యమైన తేదీ అన్నారు. ఏది నిజం?
– పెట్రోలియం ఇంజినీరింగ్ విద్యార్థి, కాకినాడ

రెండూ. నిల్వల లెక్కలో పీ90 అంటే కనీసం ఇంత చమురు ఉండటానికి 90 పాళ్లు అవకాశం. అందుకే అంకె చిన్నది. షెడ్యూలులో పీ90 అంటే ఆ తేదీ లోపల పూర్తవడానికి 90 పాళ్లు అవకాశం. అందుకే తేదీ దూరం. ఒకే గదిలో ఈ రెండు బృందాలూ కూర్చుని అరగంట వాదించుకోవడం చూశాను. అక్షరం వదిలేసి పూర్తి వాక్యం రాయండి.

రెండు బావులు, ఒకే రిగ్గు. మొదటిది 40 రోజులు పడుతుంది, రోజుకు 1,000 పీపాలు ఇస్తుంది. రెండోది 20 రోజులు, 600 పీపాలు. పెద్ద బావి ముందు తవ్వాలని మా మేనేజరు, చిన్నది ముందని నేను. దీనికి యాప్ ఉందా?
– పేరు వద్దన్న పాఠకుడు

యాప్ ఎందుకు, భాగహారం చాలు. రోజువారీ దిగుబడిని తవ్వే రోజులతో భాగించండి. పెద్దదానికి 25, చిన్నదానికి 30. ఎక్కువ వచ్చింది ముందు. సరిచూద్దాం: పెద్దది ముందైతే 40 రోజులు 1,000 పీపాల చొప్పున, 60 రోజులు 600 చొప్పున ఎదురుచూపు. ఆలస్యమయ్యే పీపాలు మొత్తం 76,000. చిన్నది ముందైతే 72,000. మీరే నెగ్గారు. తవ్వే రోజులు అనిశ్చితమైనా, ఒకే రిగ్గు ఉన్నప్పుడు సగటు రోజులతో ఇదే సూత్రం నిలుస్తుంది.

కానీ మేనేజరు దగ్గరికి వెళ్లేముందు మూడు ప్రశ్నలు. పైపులైను రెండు బావులకూ సిద్ధంగా ఉందా? లేకపోతే తొందరపడి తవ్విన బావి మూత పెట్టుకుని కూర్చుంటుంది. రిగ్గును తరలించే దూరం రెండు వరుసల్లోనూ ఒకటేనా? ఒక బావి ఫలితం రెండోదాన్ని తవ్వాలా వద్దా అన్నది తేలుస్తుందా? మూడోదానికి అవునంటే భాగహారం పక్కన పెట్టి ఆ బావే ముందు తవ్వండి.

మా వారు గల్ఫ్‌లో సముద్రం మీద రిగ్గులో పనిచేస్తారు. 28 రోజులు డ్యూటీ, 28 రోజులు ఇల్లు. ప్రతిసారీ క్యాలెండరులో చేత్తో గుర్తు పెట్టుకోవలసి వస్తోంది. పైగా తేదీలు జారుతుంటాయి. ఏదైనా మార్గం చెప్పండి.
– గృహిణి, అమలాపురం

ఈ వారం నాకు బాగా నచ్చిన ప్రశ్న మీదే. గూగుల్ క్యాలెండరులో ‘డ్యూటీ’ అని రోజంతా ఉండే ఒక ఈవెంటు పెట్టండి. వెళ్లే రోజు నుంచి 28 రోజులు. రిపీట్ దగ్గర కస్టమ్ ఎంచుకుని ‘ప్రతి 8 వారాలకు’ అని పెట్టండి. అంతే, ఏడాదంతా పరచుకుంటుంది. గాలివాన వల్ల హెలికాప్టరు ఎగరక ఒకసారి డ్యూటీ మారడం నాలుగు రోజులు జారితే, ఆ ఈవెంటును జరపండి. అప్పుడు అది ఇదొక్కటేనా, దీని తర్వాతవన్నీ కూడానా అని అడుగుతుంది. ఆ నాలుగు రోజులూ తర్వాతి సెలవులో తగ్గిస్తారా, లేక మొత్తం వరుసే జరుగుతుందా అన్నది మీవారిని అడిగి తేల్చుకున్నాకే ఏదో ఒకటి నొక్కండి. రెండోది నొక్కితే ఏడాది మొత్తం కదులుతుంది.

వచ్చే తేదీకి ముందు రెండు, తర్వాత నాలుగు రోజులు ‘రావచ్చు’ అని వేరే రంగుతో ఇంకో ఈవెంటు పెట్టుకోండి. విమానం టికెట్టు తేదీ మార్చుకునే వీలున్నదే తీసుకోండి. ఇంట్లో ముహూర్తం ఉంటే ఆ ‘రావచ్చు’ రంగు దాటిన తర్వాతి రోజుల్లో పెట్టుకోమని పంతులుగారికి చెప్పండి.