సందేహాలు – సమాధానాలు: విమానం నేలమీద పరుగెత్తుతుందా, సాగుతుందా?

సందేహం: మా అబ్బాయి రేణిగుంట విమానాశ్రయంలో సామాన్లు ఎక్కించి దించే పనిలో కొత్తగా చేరాడు. జాగ్రత్తలు రాసిన కాగితం ఒకటి తెలుగులో ఇచ్చారట. అందులో ‘విమానము పరుగెత్తుచున్నప్పుడు సమీపించరాదు’, ‘గీత వద్ద ఆగవలెను’ అని ఉంది. ఇక్కడ పరుగంటే ట్యాక్సీయింగ్ అని మావాడు చెప్పాడు. ఆ మాట సరైనదేనా? ట్యాక్సీయింగ్‌కు మంచి తెలుగు మాట ఉందా? – ఒక పాఠకుడు, చంద్రగిరి

సమాధానం: సరైనది కాదండి. ఇది ప్రాణాలతో ముడిపడిన మాట కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

ట్యాక్సీయింగ్ అంటే విమానం తన ఇంజిన్ల బలంతో నేలమీద మెల్లగా కదలడం. విమానాన్ని నిలిపి ఉంచే చోటైన బే నుంచి రన్‌వే దాకా వెళ్ళడమూ, దిగాక మళ్ళీ బే దాకా రావడమూ రెండూ అదే. రన్‌వే మీద వేగం పుంజుకుని గాల్లోకి లేవడానికి తీసేదే పరుగు. ఈ రెంటికీ ఒకే మాట వాడితే, మెల్లగా వచ్చే విమానంతో ప్రమాదం లేదని కొత్తగా చేరిన కుర్రవాడు అనుకోవచ్చు. నిజానికి అతనికి ఎదురయ్యేది ఆ మెల్లగా వచ్చే విమానమే. దాని ఇంజిన్ ముందు నిలబడితే లోపలికి లాగేస్తుంది, వెనక నిలబడితే ఆ గాలి విసిరికొడుతుంది. విమానం ఆగి ఉన్నా సరే, పైనా కిందా ఎర్రదీపం మిణుకుతున్నంతసేపూ ఇంజిన్లు తిరుగుతున్నాయనే అనుకోవాలి.

మాట కోసం మనం దూరం వెళ్ళక్కర్లేదు. బ్రహ్మోత్సవాల్లో ఎనిమిదో రోజు తిరుమల మాడవీధుల్లో తేరు లాగుతారు కదా. ‘తేరు కదిలింది’, ‘తేరు సాగుతోంది’ అంటామేగాని తేరు పరుగెత్తిందని ఎవరమూ అనం. చక్రాల పక్కన చెక్కలు పట్టుకుని నడిచేవాళ్ళకు ఆ నిదానంలో ఎంత బరువుందో తెలుసు. విమానానికీ ‘సాగు’ చక్కగా సరిపోతుంది. అలాగని ‘భూచలనం’ వంటి కొత్త సమాసాలు పుట్టించవద్దు. అది భూకంపంలా వినిపిస్తుంది. పనివాళ్ళ నోట ట్యాక్సీ, చాక్స్ (చక్రాలు కదలకుండా పెట్టే అడ్డుదిమ్మలు), పుష్‌బ్యాక్ (విమానాన్ని బే నుంచి వెనక్కి నెట్టడం) అనే మాటలు ఇప్పటికే ఆడుతున్నాయి. వాటిని అలాగే ఉండనివ్వాలి.

ట్యాక్సీ అనే మాటకు మూలం కిరాయి లెక్కగట్టే మీటరు. విమానం అనే మాటలోని ‘మా’ ధాతువుకూ కొలవడమనే అర్థం. గర్భగుడి మీది ఆనందనిలయమూ విమానమే, రేణిగుంటలో దిగేదీ విమానమే. కొలత నుంచి పుట్టిన రెండు మాటలు ఒకే నేలమీద ఇలా కలవడం నాకెంతో ముచ్చటగా ఉంటుంది.

ఇక ‘గీత వద్ద’. నా దృష్టిలో ఇది పరుగు కన్నా పెద్ద తప్పు. రన్‌వేలోకి వెళ్ళే దారికి అడ్డంగా నాలుగు పసుపు గీతలుంటాయి. అందులో రెండు నిండు గీతలు, రెండు తెగిన గీతలు. నిండు గీతల వైపు నుంచి వచ్చేవాళ్ళు అనుమతి లేకుండా వాటిని దాటకూడదు. ‘వద్ద’ అంటే ఇవతలా, మీదా, అవతలా? ‘పట్టాల దగ్గర ఆగు’ అంటే ఏ పక్కన ఆగాలో తెలియనట్టే ఇదీ తెలియదు. పైలట్లకు ఇంగ్లీషులో ‘హోల్డ్ షార్ట్’ అని చెప్పే ఆజ్ఞకు మన ‘ఇవతలే ఆగు’ అచ్చంగా సరిపోతుంది. చిత్తూరు పల్లెల్లోనైతే ‘ఈపక్కనే నిలుపు’. రెంటిలోనూ పక్క స్పష్టంగా ఉంది.

ఇది పండితుల చాదస్తం అనుకోకండి. 1977 మార్చి 27న కానరీ దీవుల్లోని టెనెరిఫేలో, పొగమంచులో, ఒక విమానం రన్‌వే మీదే ట్యాక్సీ చేస్తూ ఉంది. రెండోది అదే రన్‌వే మీద పరుగు మొదలుపెట్టింది. ఆ రెండో విమానం నుంచి ‘వియ్ ఆర్ నౌ ఎట్ టేకాఫ్’ అన్న మాట వచ్చింది. టేకాఫ్ చేసే చోట నిలబడి ఉన్నారని, విమానాలకు రేడియోలో అనుమతులిచ్చే కంట్రోలర్ అనుకున్నాడు. అన్నవాళ్ళు అప్పటికే కదిలారు. కంట్రోలర్ ‘ఓకే’ అన్నాడు. ఆగమని అతను ఆ వెంటనే అన్న మాట, ట్యాక్సీ చేస్తున్న విమానం నుంచి అదే క్షణంలో వచ్చిన మాటతో కలిసిపోయి సరిగా వినబడలేదు. 583 మంది చనిపోయారు. అప్పటి నుంచి టేకాఫ్ అనే మాటను దానికి అనుమతి ఇచ్చేటప్పుడో రద్దు చేసేటప్పుడో తప్ప పలకకూడదని నియమం పెట్టారు. మిగతా చోట్ల ‘డిపార్చర్’ అనాలి. చెప్పినది తిరిగి అప్పజెప్పాలన్న నియమాన్నీ గట్టిపరిచారు.

ఇలాంటి ఇరకాటం మన క్రియల్లోనూ ఉంది. ‘బయల్దేరుతున్నా’ అని ఫోనులో చెప్పినవాడు బస్సులో కూర్చుని ఉండొచ్చు, ఇంకా చొక్కా వేసుకుంటూ ఉండొచ్చు. జరుగుతున్న పనికీ జరగబోయే పనికీ మనం ఒకే రూపం వాడతాం. ఇంట్లో దాంతో ఇబ్బంది లేదు. విమానం పక్కన మాత్రం ‘ఇంకా కదల్లేదు’, ‘కదిలింది’, ‘ఆగింది’ అని తేల్చి చెప్పాలి.

‘సమీపించరాదు’లోని రాదు కూడా నాకు నచ్చలేదు. ‘దగ్గరికి వెళ్ళవద్దు’ అంటే చదువు తక్కువైనవాడికీ తెలుస్తుంది.

కాబట్టి ఆ కాగితంలో ఇలా ఉండాలి: ‘విమానం ట్యాక్సీ చేస్తూ మెల్లగా సాగుతున్నా దగ్గరికి వెళ్ళవద్దు. అది ఆగాక, ఇంజిన్లు ఆపాక, ఎర్రదీపం ఆరాక, చక్రాలకు చాక్స్ పెట్టాక, వెళ్ళమని చెబితేనే వెళ్ళండి. పసుపు గీతకు ఇవతలే ఆగండి.’ ఇది మీ అబ్బాయి చేత ఒకసారి పైకి చదివించండి. తర్వాత వాళ్ళ సూపర్‌వైజర్‌కు చూపించమనండి.