సమాధానం: ఛాతీకి బ్యాండేజీ వద్దు, బైండర్ వాడండి

ఛాతీ చదునుగా కనపడాలని క్రేప్ బ్యాండేజీ చుట్టుకుంటే ఊపిరి అందడం లేదని, పక్కటెముకలు నొప్పెడుతున్నాయని రాశారు. ముందు దాన్ని తీసేయండి. అది బెణుకులకు కట్టేది. ఊపిరి తీసేకొద్దీ, కదిలేకొద్దీ బిగుసుకుంటుందే తప్ప వదులవదు. ప్యాకింగ్ టేపు ఇంకా ప్రమాదం, చర్మం ఊడొస్తుంది.

ఈ పనికోసమే కుట్టిన బైండర్, అంటే ఛాతీని చదునుగా అదిమి ఉంచే బిగుతు లోచొక్కా, కొనుక్కోండి. ఛాతీ బాగా ఎత్తుగా ఉన్నచోట చుట్టుకొలత, భుజాల వెడల్పు టేపుతో కొలిచి, తయారీదారు ఇచ్చిన సైజు పట్టికతో పోల్చండి. ఒక సైజు తక్కువ తీసుకుంటే ఇంకా చదునవుతుందని చాలామంది అనుకుంటారు, పెరిగేది నొప్పే. వేసుకున్నాక గుండెల నిండా ఊపిరి తీయగలగాలి, అదే అసలు పరీక్ష.

మొదట్లో రోజుకు రెండు మూడు గంటలు చాలు. అలవాటయ్యాక కూడా 8 గంటలు దాటనివ్వకండి. నిద్రలో, వ్యాయామంలో అసలు వద్దు. వారంలో ఒకట్రెండు రోజులు పూర్తిగా మానేయండి.

మీకు ఇప్పుడున్న నొప్పి పూర్తిగా తగ్గేదాకా బైండర్ కూడా వద్దు. మరీ బిగుతుగా లేని స్పోర్ట్స్ బ్రా, దాని మీద వదులు చొక్కా వేసుకోండి. విప్పేశాక కూడా ఊపిరి తీస్తే పొడిచినట్టు ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఏం చుట్టుకున్నారో, ఎన్ని గంటలో దాచకుండా చెప్పండి. అది తెలిస్తేనే ఏం చూడాలో ఆయనకు తెలుస్తుంది.