చిన్నీ, ఆ 777 కొట్టేముందు ఇది చదువు

చిన్నీ,

నీ ఉబుంటూ లైనక్స్ మెషిన్లో వస్తున్న ఎర్రర్లవి నిన్న రాత్రి నువ్వు వరసపెట్టి పంపిన స్క్రీన్‌షాట్లు పొద్దున కూర్చుని చూశానే. పదకొండు ఫొటోలు, అన్నిట్లోనూ ఎర్రర్ తోకే ఉంది, తల ఒక్కదాంట్లో కూడా లేదు. ఫోన్లో చెప్తే ఊ కొడతావు, పెట్టేశాక మర్చిపోతావు, అందుకని తీరిగ్గా రాస్తున్నా, విసుక్కోకుండా చదువు. ముందు ఒక్క మాట, "పెద్దమ్మా మళ్ళీ ఫార్మాట్ కొట్టేస్తా" అన్నావు చూడూ, అది మాత్రం చెయ్యకు. ఈ నెల్లో ఇది మూడోసారి. గోటితో పోయేదానికి గొడ్డలెందుకే? పైగా ఫార్మాట్ కొడితే తప్పుతో పాటు అది ఎక్కడ జరిగిందో ఆ ఆనవాలు కూడా పోతుంది, మళ్ళీ వారం తిరక్కుండా అదే గుంటలో పడతావు. చివరి ఫొటోలో నువ్వు టైప్ చేసిన 777 కమాండ్ కూడా కొట్టకు, దాని సంగతి కింద చెప్తా.

సరే, తోక సంగతి. కంపైల్ అంటే రాసిన కోడ్‌ని మెషిన్ నడిపే ప్రోగ్రామ్‌గా మార్చడం, అప్పుడు ఎర్రర్లు గొలుసులా వస్తాయి, మొదట వచ్చిందే అసలుది, మిగతావన్నీ దాని పిల్లలు. నీ నాలుగో ఫొటోలో చివర "ఫెయిల్డ్ బిల్డింగ్ వీల్" అని ఉంది, నువ్వు దాన్నే గూగుల్లో కొట్టి ఎవరెవరో చెప్పిన మందులన్నీ వేశావు. అది రోగం పేరు కాదే, మనిషి పడిపోయాడు అని కబురు అంతే. పైకి స్క్రోల్ చేసుంటే, చాలా పైకి, "ఫేటల్ ఎర్రర్: పైథాన్.హెచ్: నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అని ఒక్క లైన్ కనపడేది. నువ్వు వేస్తున్న లైబ్రరీ (వేరేవాళ్ళు రాసిపెట్టిన, మనం వాడుకునే కోడ్) పేరు, ఎర్రర్లు వచ్చిన తీరు చూస్తే నాకు దాదాపు ఖాయం, అదే. దానికి మందు పైథాన్3-డెవ్ అనే ప్యాకేజీ, అర నిమిషం పని.

ఎందుకో కూడా చెప్తా, ఇది ఒకసారి తలకెక్కితే సగం ఎర్రర్లు నీకు నువ్వే తీసేసుకుంటావు. డెబియన్, ఉబుంటూ వాళ్ళు చాలా లైబ్రరీల్ని రెండు ముక్కలు చేసి ఇస్తారు. ప్రోగ్రామ్ నడవడానికి కావాల్సిన ముక్క ఒకటి, దాన్ని వాడుకుని కొత్త ప్రోగ్రామ్ కట్టడానికి కావాల్సిన హెడర్ ఫైళ్ళ (లైబ్రరీలో ఏమేం ఉన్నాయో కంపైలర్‌కి చెప్పే .హెచ్ ఫైళ్ళు) ముక్క ఇంకోటి. మొదటిది మామూలుగా మెషిన్లో ఉంటుంది, రెండోది మనం అడిగితేనే వస్తుంది, పేరు చివర "-డెవ్" అని ఉంటుంది, ఫెడోరా అనే ఇంకో లైనక్స్‌లో అయితే "-డెవెల్". అందుకే "లైబ్రరీ ఉందిగా మరి లేదంటాడేంటి" అని నువ్వు జుట్టు పీక్కున్నది. .హెచ్ ఫైల్ దొరకలేదని కంపైలర్ ఏడ్చినా, "కెనాట్ ఫైండ్ -ఎల్ఎస్ఎస్ఎల్" అని ముక్కలన్నీ అతికించే లింకర్ ఏడ్చినా ఎక్కువసార్లు జబ్బు అదే. లింకర్ మాటల్లో "-ఎల్" తర్వాత వచ్చేది లైబ్రరీ పేరు, దానికి ముందు లిబ్ తగిలించు, వెనక -డెవ్ తగిలించు, లిబ్‌ఎస్ఎస్ఎల్-డెవ్, అయిపోయింది. అన్నిసార్లూ పేరు ఇంత తేలిగ్గా కుదరదు, అప్పుడు ఆప్ట్-ఫైల్ అనే టూల్ వేసుకో, ఒకసారి దాని అప్‌డేట్ కొట్టి, దొరకని ఫైల్ పేరు సెర్చ్‌కి ఇస్తే అది ఏ ప్యాకేజీలో ఉందో అదే చెప్తుంది. ఇక బిల్డ్-ఎసెన్షియల్ అయితే కొత్త మెషిన్లో మొట్టమొదట వెయ్యాల్సింది, జీసీసీ, జీ++ కంపైలర్లు, బిల్డ్ నడిపే మేక్, సీ లైబ్రరీ హెడర్లు అన్నీ ఒక్క దెబ్బకి వస్తాయి, ఆ తర్వాతే మిగతా ఏదైనా.

ఇప్పుడు పైథాన్. ఇంత గట్టిగా చెప్తున్నానంటే నేను కాల్చుకున్న చెయ్యే ఇది. ఒకసారి ఏదో ప్రాజెక్టుకి కొత్త వెర్షన్ పైథాన్ కావాల్సొచ్చింది, వేశాను, బాగానే ఉంది, అక్కడితో ఆగొచ్చుగా, అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్ పెట్టి సిస్టమ్‌లో పైథాన్3 అంటే కొత్తదే పలికేలా మార్చేశా. తెలివి ఎక్కువై. టెర్మినల్ మూసి మళ్ళీ ఐకాన్ నొక్కితే ఏమీ రాలేదు. ఇంకోసారి నొక్కా, ఒక చిన్న చక్రం తిరిగి మాయమైపోయింది. అరగంట మౌస్ పాడైందేమో అనుకున్నా, నవ్వకు. తర్వాత తెలిసింది, ఉబుంటూలో ఆ గ్నోమ్ టెర్మినల్‌ని లేపేదే ఒక చిన్న పైథాన్ స్క్రిప్ట్, అది సిస్టమ్ పైథాన్‌ని నమ్ముకుని రాసింది, నేను కాళ్ళ కింద నేల మార్చేశా. ప్యాకేజీలు వేసే ఆప్ట్ కూడా "నో మాడ్యూల్ నేమ్‌డ్ ఆప్ట్_పీకేజీ" అని మొదలుపెట్టింది. చివరికి కంట్రోల్ ఆల్ట్ ఎఫ్3 నొక్కితే నల్ల తెర మీద లాగిన్ వచ్చింది, అందులోంచి పాత పైథాన్‌కే తిప్పి బయటపడ్డా. ఆ కీ కాంబినేషన్ గుర్తుపెట్టుకో, డెస్క్‌టాప్ చచ్చినా చాలాసార్లు ఆ కిటికీ బతికే ఉంటుంది.

కాబట్టి /యూఎస్ఆర్/బిన్‌లో ఉన్న పైథాన్ సిస్టమ్‌ది, నీది కాదు. వాడుకో, మార్చకు. నీ ప్రాజెక్టుకి నీ వెన్వ్ (ఆ ప్రాజెక్టుకే వేరుగా ఉండే పైథాన్ ఫోల్డర్) కట్టుకో, "పైథాన్3 -ఎమ్ వెన్వ్ .వెన్వ్", ఉబుంటూలో దానికి ముందు పైథాన్3-వెన్వ్ ప్యాకేజీ వెయ్యాలి, లేకపోతే ఎన్‌ష్యూర్‌పిప్ లేదని ఏదో గొణుగుతుంది. నీ ఏడో ఫొటోలో "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్" అని వచ్చింది కదా, అది ఎర్రర్ కాదే, నీ మంచికే అడ్డుపడింది. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి, పైథాన్ లైబ్రరీలు వేసే పిప్‌ని సిస్టమ్ పైథాన్ మీద చెయ్యి వెయ్యనివ్వట్లేదు, ఎందుకంటే ఆప్ట్ పెట్టిన ఫైళ్ళ మీద పిప్ ఇంకో వెర్షన్ తెచ్చి పడేస్తే ఎవరు ఏది పెట్టారో ఇద్దరికీ తెలీదు. నువ్వేమో అది చూసి ఎవడో చెప్పాడని "బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్" ఆప్షన్ తగిలించి కొట్టావు. పేరులోనే పగలగొడతానని చెప్తోంది కదే! ఇంకోటి, వెన్వ్ ఉన్న ఫోల్డర్ పేరు మార్చినా వేరే చోటికి జరిపినా అది పనిచెయ్యదు, లోపల పూర్తి అడ్రస్‌లు రాసుకుని కూర్చుంటుంది. దాన్ని బాగుచెయ్యాలని కూర్చోకు, తీసిపారేసి మళ్ళీ కట్టు, కావాల్సిన లైబ్రరీల లిస్ట్, అదే రిక్వైర్‌మెంట్స్ ఫైల్, ఉంటే రెండు నిమిషాలు.

"కమాండ్ నాట్ ఫౌండ్" అనగానే మళ్ళీ ఇన్‌స్టాల్ కొట్టే అలవాటు నీకు ఎక్కణ్ణుంచి వచ్చిందో గానీ, అది మానెయ్. ఆ మాటకి అర్థం "లేదు" అని కాదు, "నాకు చెప్పిన చోట్లలో కనపడలేదు" అని. ఆ చోట్ల లిస్టే పాత్. "ఎకో $పాత్" కొట్టి చూడు, కోలన్లతో విడదీసి ఫోల్డర్లు కనపడతాయి, షెల్, అంటే టెర్మినల్లో నీ కమాండ్లు చదివి నడిపేది, ఎడమ నుంచి కుడికి వెతుకుతుంది, మొదట దొరికిందే నడుపుతుంది. అందుకే ఒకటే టూల్ రెండు వెర్షన్లు ఉంటే నువ్వు ఒకటి అనుకుంటావు, ఇంకోటి పలుకుతుంది. "టైప్ -ఏ పైథాన్3" కొట్టు, ఎన్ని ఉన్నాయో ఎక్కడెక్కడ ఉన్నాయో వరసలో చెప్తుంది, నేను ఏ మెషిన్ దగ్గర కూర్చున్నా ముందు కొట్టేది ఇదే. ఒక్కోసారి టూల్‌ని కొత్త చోటికి మార్చినా బ్యాష్ (నీ షెల్ పేరు అదే) పాత అడ్రస్‌నే గుర్తుపెట్టుకుని అక్కడికే పోయి తలుపు కొడుతుంది, అప్పుడు "హ్యాష్ -ఆర్" కొడితే మర్చిపోయి కొత్తగా వెతుక్కుంటుంది. ఇంకో చిత్రం, ఉబుంటూలో నీ హోమ్‌లోని .లోకల్/బిన్ ఫోల్డర్‌ని పాత్‌లో కలిపేది .ప్రొఫైల్ ఫైల్, అది లాగిన్ అయ్యే టైమ్‌కి ఆ ఫోల్డర్ ఉంటేనే కలుపుతుంది, నువ్వు మధ్యలో మొదటిసారి ఏదో టూల్ వేస్తే ఫోల్డర్ అప్పుడే పుడుతుంది, పాత్‌లోకి రాదు, లాగౌట్ అయ్యి మళ్ళీ లాగిన్ అయితే అదే వస్తుంది. దీనికే కదా రెండోసారి ఫార్మాట్ కొట్టావు?

బ్యాష్‌ఆర్‌సీ ఫైల్లో పాత్ రాసేటప్పుడు మాత్రం జాగ్రత్త. కొత్త ఫోల్డర్ రాసి చివర ":$పాత్" పెట్టడం మర్చిపోతే ఉన్న లిస్టంతా చెరిగిపోయి నీ ఒక్క ఫోల్డరే మిగులుతుంది. అప్పుడు ఫైళ్ళ లిస్ట్ చూపించే ఎల్ఎస్ కూడా దొరకదంటుంది, ఫైల్ దిద్దుకునే నానో దొరకదు, టెర్మినల్ మూసి తెరిచినా అదే, ఎందుకంటే తెరిచినప్పుడల్లా ఆ తప్పు లైన్నే మళ్ళీ చదువుతుంది. భయపడకు, ఏదీ పోలేదు, "ఎక్స్‌పోర్ట్ పాత్=/యూఎస్ఆర్/బిన్:/బిన్" అని చేత్తో కొడితే ఆ కిటికీలో అన్నీ తిరిగొస్తాయి, అందులోనే నానో తెరిచి ఆ లైన్ సరిచేసుకో.

ఇక అసలు నన్ను ఈ ఉత్తరం రాయించింది నీ చివరి ఫొటో. జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు వేసే ఎన్‌పీఎమ్ పర్మిషన్ డినైడ్ అంది, నువ్వు "సుడో సీహెచ్‌మోడ్ -ఆర్ 777 /" అని టైప్ చేసి, ఎంటర్ కొట్టకుండా "కొట్టనా పెద్దమ్మా?" అని అడిగావు. అడిగావు కాబట్టి బతికిపోయావు. సుడో అంటే రూట్, అంటే సిస్టమ్ యజమాని, అధికారంతో నడపడం, సీహెచ్‌మోడ్ అంటే ఫైళ్ళ అనుమతులు మార్చడం, చివర / అంటే మొత్తం సిస్టమ్ అని. 7 అంటే 4 చదవడం, 2 రాయడం, 1 నడపడం, మూడూ కలిపి. మూడు సార్లు రాస్తే ఓనర్‌కి, గ్రూప్‌కి, దారినపోయే ప్రతి వాడికీ అన్నీ ఇచ్చేసినట్టు. ఇచ్చేస్తే పోనీ అన్నీ పనిచేస్తాయా అంటే అదీ లేదు. సుడో ప్రోగ్రామ్‌కి సెట్‌యూఐడీ అని ఒక ప్రత్యేకమైన బిట్ ఉంటుంది, 777 కొడితే అది ఎగిరిపోతుంది, ఆ క్షణం నుంచి సుడో పనిచెయ్యదు, అంటే చేసిన తప్పు దిద్దుకోడానికి ఉన్న చెయ్యే నరుక్కున్నట్టు. వేరే మెషిన్లోకి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్ అయితే కీ ఫైల్ అందరికీ కనపడుతోంది, ఇలాంటి కీ నేను వాడను అని మొండికేస్తుంది, దానికి 600 ఉండాలి. అసలు నీ సమస్య ఏంటంటే, ఎప్పుడో ఎన్‌పీఎమ్‌ని సుడోతో నడిపావు, అది నీ హోమ్‌లోనే రూట్ పేరు మీద ఫైళ్ళు పెట్టి పోయింది, ఇప్పుడు నీ ఇంట్లో నీకే తాళం. "ఎల్ఎస్ -ఎల్ఏ" కొట్టి ఓనర్ కాలమ్ చూడు, రూట్ అని ఉంటుంది. "సుడో సీహెచ్‌ఓన్ -ఆర్ $యూజర్ ~/.ఎన్‌పీఎమ్", అంతే, ఓనర్‌షిప్ వెనక్కి తీసుకో, చాలు. జావాస్క్రిప్ట్ నడిపే నోడ్‌ని ఎన్‌వీఎమ్ అనే టూల్‌తో నీ హోమ్‌లోనే పెట్టుకుంటే సుడో అవసరమే రాదు. హోమ్ ఫోల్డర్‌లో పనికి సుడో కావాల్సొచ్చిందంటే ఎక్కడో తేడా ఉన్నట్టే అనుకో.

ఆప్ట్ "కుడ్ నాట్ గెట్ లాక్" అంటే లాక్ ఫైల్ డిలీట్ చెయ్యమని చెప్పేవాళ్ళు బోలెడు మంది, వినకు. మెషిన్ ఆన్ అయిన కాసేపటికి అదే వెనక సెక్యూరిటీ అప్‌డేట్లు వేసుకుంటూ ఉంటుంది, కొత్త వెర్షన్లలో ఏ ప్రాసెస్ పట్టుకుందో కూడా ఎర్రర్లోనే రాస్తుంది, కాసేపు ఆగు. మధ్యలో కరెంట్ పోయి ఆగిపోయిందంటే "సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ", తర్వాత "సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్". ఆప్ట్ ఎప్పుడైనా ఇవి తీసేస్తున్నా అని లిస్ట్ చూపించి వై ఆర్ ఎన్ అడిగితే ఆ లిస్ట్ చదివి నొక్కవే, అందులో ఉబుంటూ-డెస్క్‌టాప్ లాంటిది కనపడితే చెయ్యి వెనక్కి తీసుకో.

చిన్నచిన్నవి ఇంకొన్ని ఉన్నాయి. స్క్రిప్ట్ నడిపితే "బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్" అని పక్కన ^ఎమ్ కనపడితే అది విండోస్‌లో సేవ్ చేసిన ఫైల్, డాస్2యూనిక్స్ కొడితే పోతుంది. బిల్డ్ మధ్యలో ఊరికే "కిల్డ్" అని ఆగిపోతే చాలావరకు ర్యామ్ అయిపోయినట్టు, సిస్టమ్ లాగ్ చూపించే డీమెసేజ్‌లో చూస్తే ఔట్ ఆఫ్ మెమరీ అని ఉంటుంది, మేక్ -జె పక్కన నంబర్ (ఒకేసారి నడిచే పనులు) తగ్గించు. డిస్క్ నిండినా వింత వింత ఎర్రర్లు వస్తాయి, డీఎఫ్ -హెచ్ ఒకసారి చూడు. గైడ్ ఏదైనా ఫాలో అయ్యేముందు దాని డేట్ చూడు. పైథాన్ 2కి 2020 జనవరి 1తో సపోర్ట్ ఆగిపోయింది, అంతకుముందు రాసినవి చాలావరకు ఉత్త "పైథాన్" అని కొట్టమంటాయి, నీ దాంట్లో పైథాన్3 అంటేనే పలుకుతుంది.

ఒక టెక్స్ట్ ఫైల్ పెట్టుకో, సిస్టమ్ మీద ఏ కమాండ్ కొట్టినా డేట్ వేసి అందులో రాయి, ఎందుకు కొట్టావో కూడా ఒక ముక్క రాయి. నాది చాలా ఏళ్ళ నుంచి ఉంది, అందులో నేను నన్ను తిట్టుకున్న లైన్లే ఎక్కువ. దాన్ని, నీ బ్యాష్‌ఆర్‌సీని గిట్‌లో (ఫైళ్ళ మార్పుల చరిత్ర దాచే టూల్) పెట్టుకో, ఎస్ఎస్‌హెచ్ ప్రైవేట్ కీ మాత్రం పొరపాటున కూడా అందులోకి ఎక్కించకు.

ఇప్పుడు చెయ్యాల్సింది. ఆ 777 లైన్ చెరిపెయ్. పైథాన్3-డెవ్, బిల్డ్-ఎసెన్షియల్ వెయ్, కొత్త వెన్వ్ కట్టి అందులో పిప్ కొట్టు, కొట్టేటప్పుడు కమాండ్ చివర "2>&1 | టీ లాగ్.టీఎక్స్‌టీ" పెట్టు, స్క్రీన్ మీద వచ్చేదంతా ఆ ఫైల్లో కూడా పడుతుంది. మళ్ళీ ఫెయిలైతే ఆ ఫైల్, "టైప్ -ఏ పైథాన్3" ఏం చెప్పిందో అది, రెండూ పంపు. ఫొటో వద్దు, టెక్స్ట్ పంపు, నా కళ్ళజోడుకి ఆ వంకర ఫొటోలు ఆనట్లేదు.

పెద్దమ్మ