సంగీతం యాప్ ఉంటే టీచర్ అక్కర్లేదా? ఆన్‌లైన్‌లో నేర్పుతున్న అనుభవంతో చెప్తున్నాను

డాలస్‌లో ఉన్న మీ తొమ్మిదేళ్ల పాప ఏడాదిగా ఆన్‌లైన్‌లో కర్ణాటక సంగీతం నేర్చుకుంటోందని, జంట స్వరాలు (ఒక్కో స్వరాన్ని రెండేసిసార్లు పాడే తొలి అభ్యాసాలు) పూర్తయ్యాయని రాశారు. పాడుతుంటే విని తప్పులు చూపించి, పిల్ల పాడేదాన్ని బట్టి పాఠం మార్చే ఏఐ యాప్ ఒకటి దొరికింది, క్లాసు మాన్పించి దాంతోనే కొనసాగించవచ్చా అని అడిగారు.

క్లాసు మాన్పించవద్దండీ. యాప్ మాత్రం తప్పకుండా తీసుకోండి.

నేను రాజమండ్రిలో సంగీతం టీచర్‌ని. 2020 లాక్‌డౌన్‌లో ఆన్‌లైన్‌కి వచ్చాను. ఇప్పుడు నా దగ్గర నేర్చుకునేవాళ్లలో సగం మంది అమెరికా పిల్లలే. వేసవిలో ఆదివారం పొద్దున ఏడింటికి నేను శ్రుతి పెట్టె ఆన్ చేస్తే మీ ఊళ్లో శనివారం రాత్రి ఎనిమిదిన్నర. వారానికి ముప్పావుగంట క్లాసు. మిగతా ఆరు రోజులు పిల్ల ఇంట్లో ఏం పాడిందో, ఎలా పాడిందో నాకు తెలిసేది కాదు. సోమవారం ఒక స్వరం తప్పుగా పట్టుకుంటే శనివారానికి ఆ తప్పే గొంతులో స్థిరపడిపోయేది. దాన్ని వదిలించడానికే సగం క్లాసు అయిపోయేది. పైగా నెట్‌లో శబ్దం కాస్త ఆలస్యంగా చేరుతుంది కాబట్టి ఇద్దరం కలిసి పాడలేం. ఎదురుగా కూర్చున్న పిల్ల గొంతు నా గొంతు వెంట తనంతట తనే శ్రుతిలోకి వస్తుంది. ఆన్‌లైన్‌లో ఆ ఆసరా లేదు.

ఆ ఆరు రోజుల కోసమే నేను యాప్ వాడిస్తాను. అది చేసే పని ఇది: గొంతులోని ఫ్రీక్వెన్సీని సెకనుకు ఎన్నోసార్లు కొలుస్తుంది, మనం పెట్టిన షడ్జం (ఆధారమైన 'స') నుంచి ఆ స్వరం ఎంత దూరంలో ఉండాలో చూసి తేడా చెప్తుంది. స్వరాల మధ్య దూరాన్ని సెంట్లలో కొలుస్తారు: ఒక స్థాయి, అంటే 'స' నుంచి పై 'స' దాకా, మొత్తం 1200 సెంట్లు, పక్కపక్క స్వరస్థానాల మధ్య సుమారు 100. సరళీ స్వరాల్లో, జంట స్వరాల్లో ఈ లెక్క బాగా పనిచేస్తుంది. మొదటి పాఠాలు మాయామాళవగౌళ రాగంలో ఉంటాయి కదా, 15వ మేళకర్త (మూల రాగం). స-రి-గ-మ మధ్య ఎంతెంత దూరాలున్నాయో ప-ద-ని-స మధ్యా అంతే. స్వరాలు నిలకడగా, తిన్నగా పాడతాం. కాబట్టి యాప్ ఎరుపు చూపిస్తే చాలాసార్లు అది నిజంగా అపస్వరమే.

నాకు బాగా ఉపయోగపడింది మార్కులు కాదు, పిల్లకో రకంగా వచ్చే రిపోర్టు. ఒక అమ్మాయి మొదటి కాలం (నెమ్మది వేగం) చక్కగా పాడుతుంది, వేగం పెరిగి మూడో కాలానికి వచ్చేసరికి శుద్ధ ధైవతం ('ద') పైకి జారిపోతుంది. ఒక బాబుకు స్వరాల్లో లోటు లేదు, అట తాళం 14 అక్షరాల్లో చివరి రెండు ద్రుతాల (రెండేసి అక్షరాల భాగాల) దగ్గర తొందరపడతాడు. ఇదివరకు ఇద్దరికీ ఒకటే హోంవర్క్ ఇచ్చేదాన్ని. ఇప్పుడు ఆ అమ్మాయికి ప-ద-ని-స మాత్రమే రెండో కాలంలో వారమంతా, బాబుకు స్వరం లేకుండా చేత్తో తాళం వేస్తూ నోటితో లెక్క. పాత గీతాలు (మొదట నేర్పే చిన్న పాటలు) మర్చిపోకుండా మూడు రోజులకోసారి, తర్వాత వారానికి, తర్వాత పదిహేను రోజులకు మళ్లీ పాడమని కూడా యాప్ గుర్తుచేస్తుంది. ముప్పైమంది పిల్లలకు ఆ లెక్క నేను పెట్టుకోలేను.

ఇక మాన్పించవద్దని ఎందుకన్నానో చెప్తాను. పద్నాలుగేళ్ల అమ్మాయికి తోడి రాగంలో వర్ణం (గీతాల తర్వాత నేర్పే పెద్ద రచన) చెప్తున్నాను. తోడిలో గాంధారం ('గ') తిన్నగా నిలబడదు. పేరుకు సాధారణ గాంధారమే గానీ రిషభం నుంచి మధ్యమం దాకా ఊగుతుంది, ఆ ఊపులోనే తోడి ఉంది. యాప్ దాన్ని ప్రతిసారీ ఎరుపులో చూపించింది. రెండు వారాల తర్వాత క్లాసులో వింటే గాంధారం కర్రలా తిన్నగా ఉంది. ఏమైందమ్మా అంటే, "ఇలా పాడితేనే గ్రీన్ వస్తోంది టీచర్" అంది. తప్పు ఆ పిల్లది కాదు, గమకమున్న (స్వరాన్ని ఇలా ఊపుతూ పాడే) పాఠానికి కూడా స్కోరు ఆన్‌లో ఉంచినందుకు నాది. ఆ ఊపు మళ్లీ గొంతులోకి రావడానికి మూడు వారాలు పట్టింది. అప్పటి నుంచి గీతాలు దాటినవాళ్లకు స్వరం స్కోరు తీసేస్తాను. తాళం, ఆధార షడ్జం మాత్రమే చూడమంటాను. గమకానికి నా గొంతుతో ఒక్కో సంగతి (పాట పంక్తిని పాడే ఒక్కో తీరు) రికార్డు చేసి పంపిస్తాను, విని విని పాడాలి.

ఇది ఎప్పటికీ ఇలాగే ఉంటుందని నేను అనుకోవడం లేదు. బార్సిలోనాలోని పాంపెయు ఫాబ్రా విశ్వవిద్యాలయంలో 2011లో కాంప్‌మ్యూజిక్ అనే పరిశోధన మొదలైంది. కర్ణాటక సంగీతాన్ని దాని పద్ధతిలోనే కంప్యూటర్‌కు అర్థమయ్యేలా చేయడం, పాడేవాళ్ల షడ్జం కనుక్కోవడం, స్వరాల నడకను బట్టి రాగం గుర్తించడం అందులో భాగం. ఐఐటీ మద్రాస్ వాళ్లూ పాలుపంచుకున్నారు. అలాంటి పని పిల్లల చేతిలోని యాప్‌లలోకి పూర్తిగా రావాలని నాకు చాలా ఆశ. నేను చూసిన యాప్‌లు మాత్రం ఇంకా ఎక్కువగా పియానో మెట్ల లెక్కలోనే వింటున్నాయి.

చాట్‌బాట్‌లను స్వరాలు అడగవద్దు. మోహనం రాగంలో చిన్న అభ్యాసం రాసిమ్మని ఒకదాన్ని అడిగితే మధ్యమం వేసి ఇచ్చింది. మోహనంలో మధ్యమమూ లేదు, నిషాదమూ లేదు. నాకు తెలుసు కాబట్టి పట్టుకున్నాను, తొమ్మిదేళ్ల పిల్ల అదే బట్టీపడుతుంది. అయితే నేను రాసుకున్న నోట్సు ఇచ్చి, రోజుకు ఇరవై నిమిషాల చొప్పున వారానికి పంచమంటే బాగా పంచుతుంది. ఆ పనికి వాడుతున్నాను.

ఇంకో సంగతి, ఇది చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. వీడియో కాల్ యాప్‌లలో చుట్టుపక్కల రొద తీసేసే ఏర్పాటు ఉంటుంది. అది కూడా ఇప్పుడు చాలావాటిలో ఏఐయే. తంబూరా నాదాన్ని, పిల్ల దీర్ఘంగా నిలిపిన స్వరాన్ని అది రొద అనుకుని కోసేస్తుంది. పాప బాగా పాడుతున్నా టీచర్‌కి ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది. సెట్టింగులలో అసలు శబ్దాన్ని ఉన్నదున్నట్టు పంపే ఆప్షన్ ఉందేమో చూసి అది పెట్టండి, పాపకు ఇయర్‌ఫోన్ ఇవ్వండి. మా పిల్లల్లో ఒకరికి ఈ ఒక్క మార్పుతోనే నేను చెప్పే దిద్దుబాట్లు సగానికి సగం తగ్గాయి.

ఈ వారం పాప శ్రుతి (తన 'స' ఉండే ఎత్తు) ఐదా, ఐదున్నరా అని టీచర్‌ని అడిగి యాప్‌లో అదే పెట్టండి. అది తప్పయితే స్వరాలన్నీ తప్పుగానే కనిపిస్తాయి. పాప గొంతు రికార్డింగులు ఎక్కడ దాస్తున్నారో, చెరిపేసే వీలుందో లేదో కూడా చూసుకోండి. రిపోర్టు క్లాసుకు ముందు రోజే టీచర్‌కి పంపండి. అలంకారాలు (జంట స్వరాల తర్వాత వచ్చే తాళాల అభ్యాసాలు) అయిపోయి గీతాలు మొదలయ్యాక మళ్లీ ఇక్కడ రాయండి, అప్పుడు ఏది ఆపాలో చెప్తాను.