అమ్మని హోమ్‌లో ఉంచొచ్చా? మా మామయ్యగారి రెండేళ్ల అనుభవం

మీరు అడిగింది ఇది: 78 ఏళ్ల అమ్మకి పక్షవాతం వచ్చి కుడి వైపు పడిపోయింది, ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్లాలి, ఇంట్లో పెట్టుకున్న మనుషులు నెల తిరక్కుండానే మానేస్తున్నారు. హోమ్‌లో చేరిస్తే అక్కడ రోజు ఎలా గడుస్తుంది, నిజంగా చూసుకుంటారా, ఏం చూసి చేర్చాలి? చివర్లో "అమ్మకి ఇంకా చెప్పలేదు, పది రోజులు ఫిజియోథెరపీకని చెప్పి తీసుకెళ్దామనుకుంటున్నాం" అని కూడా రాశారు. ముందు దానికే జవాబు చెప్తాను. ఆ పని చేయకండి.

మేము చేశాం. మా మామయ్యగారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. (2022లో ఆ పోస్టు పేరు ట్రైన్ మేనేజర్ అని మార్చారు. పేపర్లో చదివి వినిపిస్తే "మేనేజర్ ఏంటమ్మా, నేను గార్డుని" అన్నారు.) అత్తయ్యగారు పోయాక మతిమరుపు మొదలైంది. డిమెన్షియా అన్నారు డాక్టరు. రెండుసార్లు తెల్లవారుజామున గేటు తీసుకుని మౌలాలి స్టేషన్ దాకా నడిచి వెళ్లిపోయారు. ఆ తర్వాత బాత్రూంలో పడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక ఆయన్ని ఎత్తడం, దించడం మా ఇద్దరి వల్లా కాలేదు. నేను స్కూల్ టీచర్ని, మా ఆయనది షిఫ్ట్ డ్యూటీ. "పది రోజులు హాస్పిటల్లో ఉండాలట మామయ్యగారూ" అని చెప్పి హోమ్‌లో చేర్చాం. ఎలాగూ మర్చిపోతారులే అనుకున్నాం.

నా పేరు మర్చిపోయారు, పొద్దున ఏం తిన్నారో మర్చిపోయారు, ఆ పది రోజులు మాత్రం మర్చిపోలేదు. వెళ్లిన ప్రతిసారీ "డిశ్చార్జి ఎప్పుడు?" కాస్త లేచి కూర్చోగలిగాక ఇంకా కష్టమైంది. రెండు బనీన్లు, ఒక పంచె, దువ్వెన క్యారీ బ్యాగులో సర్దుకుని, చొక్కాకి పై గుండీ దాకా పెట్టుకుని మంచం అంచున కూర్చుని ఉండేవారు. ఆ బ్యాగు చూసి మా ఆయన బయటికి వచ్చి కారులో కూర్చుండిపోయేవారు. ఐదు నెలలు అలా నడిచింది. ఒక ఆదివారం మా ఆయనే చెప్పేశారు, "నాన్నా, ఇంట్లో నిన్ను చూసుకునే మనిషి లేడు. ఇక ఇక్కడే ఉండాలి. మేం వస్తూ ఉంటాం." మామయ్యగారు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అయితే మంచం కిటికీ పక్కన వేయించు" అన్నారు. ఆ తర్వాత కూడా అప్పుడప్పుడూ అడిగేవారు గానీ బ్యాగు సర్దుకోవడం మానేశారు.

మీ అమ్మగారికి మతి బాగానే ఉంది అంటున్నారు. అబద్ధం రెండు రోజులు కూడా నిలవదు. పైగా ఆవిడకి రెండు హోమ్‌లు చూపించి ఏది నయమో అడిగే అవకాశం మీకుంది, అది మాకు లేకపోయింది.

ఇంకో మాట. మన దగ్గర నర్సింగ్ హోమ్ అని బోర్డు ఉంటే అది చిన్న ఆస్పత్రి. మీకు కావాల్సింది అది కాదు. వృద్ధాశ్రమాల్లో కూడా చాలావాటిలో తన పని తాను చేసుకోగలిగిన వాళ్లనే తీసుకుంటారు. మంచం మీద ఉన్నవాళ్లని చూసుకునే హోమ్ కావాలని ఫోన్లోనే స్పష్టంగా చెప్పండి, సగం తిరుగుడు తప్పుతుంది.

మేము మొదట చేర్చిన చోటు పేరు చెప్పను. కింద మార్బుల్, పెద్ద వెంకటేశ్వరస్వామి ఫొటో, చేపల తొట్టి. చూసి మురిసిపోయాం. ఏడో వారం ఒక ఆదివారం నేనే ఆయన బట్టలు మారుస్తుంటే నడుం కింద, వెన్నెముక చివర రూపాయి బిళ్లంత నల్లటి మచ్చ కనిపించింది. చుట్టూ తడి, వాసన. "కొంచెం ఎర్రబడింది మేడం, పౌడర్ రాస్తున్నాం" అన్నాడు అటెండర్. అది బెడ్‌సోర్, కదలకుండా పడుకుంటే ఒత్తిడికి పడే పుండు. అప్పుడు తెలిసింది, రాత్రిపూట 22 మంచాలకి ఒక్కడే మనిషి. అతన్ని తిట్టి లాభం లేదు, ఒక్కడు 22 మందిని ఎలా తిప్పుతాడు? ఆ పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది.

కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. ఎయిర్ బెడ్ వేశాం కదా అని తిప్పడం మానకూడదు. చర్మం ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదలండి, ఎరుపు తగ్గకుండా అలాగే ఉంటే పుండు మొదలవుతున్నట్టే. మడమలు కూడా చూడాలి, అందరూ నడుమే చూస్తారు. మధ్యలో కన్నం ఉండే గాలి రింగు కొనుక్కెళ్తే రెండో హోమ్‌లో సిస్టర్ తిప్పి పంపేశారు. దాని అంచు ఒత్తిడికి చుట్టూ రక్తం ఆడదని చెప్పారు.

అక్కడి నుంచి మార్చిన రెండో హోమ్ హైదరాబాద్ శివార్లలో, కీసర వైపు. పాత ఇల్లు, గచ్చు నేల, గోడకి పెచ్చులు. రాత్రి 14 మందికి ఇద్దరు ఆయమ్మలు, ఒక సిస్టర్. రోజు ఎలా గడుస్తుందని అడిగారు కదా. ఐదింటికల్లా లైట్లు వేస్తారు. డైపర్లు మార్చడం, ముఖాలు కడగడం, ఆరింటికి కాఫీ. తర్వాత స్నానాలు, మంచం మీద ఉన్నవాళ్లకి గోరువెచ్చటి నీళ్లతో ఒళ్లు తుడవడం. ఎనిమిదిన్నరకి ఇడ్లీయో ఉప్మానో, ఆ వెంటనే మాత్రలు, బీపీ, షుగర్. పదింటికి కూర్చోగలిగిన వాళ్లందరినీ వీల్ చైర్లలో వరండాలోకి తెస్తారు. ఒక పేపరు ఐదుగురి చేతులు మారేసరికి నలిగిపోయి ఉంటుంది. పన్నెండున్నరకి భోజనం, నాలుగింటికి టీ. రాత్రి భోజనం మాత్రం ఏడింటికే, అది మొదట్లో మనకి వింతగా ఉంటుంది. రాత్రి పన్నెండుకి ఒకసారి, నాలుగింటికి ఒకసారి డైపర్లు చూస్తారు.

రోజంతటిలో కష్టమైన టైము సాయంత్రం. డిమెన్షియా ఉన్నవాళ్లలో చాలామందికి పొద్దు వాలేసరికి గాభరా మొదలవుతుంది. మామయ్యగారికి డ్యూటీ గుర్తొచ్చేది. "లైన్ బాక్స్ ఎక్కించారా? నా జెండాలేవి?" అని కేకలు (లైన్ బాక్స్ అంటే గార్డు సామాను పెట్టె), లేవబోవడం. మొదటి హోమ్‌లో ఆ టైముకి నిద్ర మాత్ర వేసేవారు, మమ్మల్ని అడగకుండా. ఇక్కడ శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక ఆయమ్మ ఉండేది. చేరిన మొదటి వారం "బండి లేదు, ఏం లేదు, పడుకో తాతా" అని చూసింది, పని జరగలేదు. ఒకరోజు నేను అక్కడ ఉండగానే గుమ్మంలోకి వచ్చి, "గార్డుగారూ, బండి రెండు గంటలు లేటంట, స్టేషన్ మాస్టరు చెప్పమన్నాడు" అంది. ఆయన వాచీ లేని మణికట్టు చూసుకుని, "ఎప్పుడూ ఇంతే. సరే, టీ తెప్పించు" అని వెనక్కి వాలారు. నేను నోరు తెరుచుకుని చూశాను. ఆ రోజు నుంచి రోజూ బండి లేటే.

ఇది అబద్ధం కాదా, పైన అబద్ధం వద్దన్నారే అంటారేమో. నాకూ ఆ సందేహం వచ్చింది. మేం చెప్పింది మా మొహం చెల్లక చెప్పింది, ఆవిడ చెప్పింది ఆయన గాభరా తగ్గడానికి. ఇంతకంటే నాకు తెలీదు.

ఆ ఆయమ్మ గురించి ఇంకొకటి చెప్పాలి. ఒక వారం మామయ్యగారు ఉన్నట్టుండి మంచం పక్కన ఎవరో నిలబడ్డారని అరవడం, తిండి మానేయడం మొదలుపెట్టారు. జబ్బు ముదిరిందనుకున్నాం. ఆవిడే సిస్టర్‌తో "రెండు రోజుల్నుంచి డైపర్ సరిగ్గా తడవట్లేదు, వాసన వేరేగా ఉంది" అంది. పరీక్ష చేయిస్తే యూరిన్ ఇన్ఫెక్షన్. యాంటీబయాటిక్ వాడాక ఐదో రోజుకి మనిషి మామూలయ్యారు. పెద్దవాళ్లకి ఇన్ఫెక్షన్ వస్తే జ్వరం లేకుండా ఇలా మాట తేడాతోనే బయటపడొచ్చు. రక్తంలో సోడియం తగ్గినా అంతే. ఒక్కసారిగా మార్పు వస్తే వయసు మీద తోసేయకుండా ముందు టెస్టులు చేయించండి.

మీ అమ్మగారికి పక్షవాతం కాబట్టి మింగడం సంగతి ముఖ్యం. నీళ్లు తాగితే దగ్గు వస్తోందా? మాట తడిగా, గరగరమంటోందా? అలా ఉంటే డాక్టరుకి చూపించి, ఏది ఎంత పల్చగా పెట్టాలో రాయించుకుని హోమ్ వాళ్లకి ఇవ్వండి. నిటారుగా కూర్చోబెట్టి, కొంచెం కొంచెంగా, నోట్లోది మింగాకే తర్వాతి ముద్ద. తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు. తొందరగా పెట్టేస్తే మెతుకులు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. అందుకే హోమ్ చూడటానికి పొద్దున పదకొండింటికి, అంతా కడిగి సర్దాక వెళ్లకండి. రాత్రి భోజనం వేళకి చెప్పకుండా వెళ్లండి. ఆయమ్మ కూర్చుని తినిపిస్తోందా, నిలబడి కుక్కుతోందా చూడండి. అక్కడున్న వాళ్ల గోళ్లు చూడండి. నీళ్ల గ్లాసు చేతికి అందేలా ఉందా చూడండి, పక్షవాతం ఉన్నవాళ్లకి పనిచేసే చేతి వైపు ఉండాలి. రాత్రి ఎంతమందికి ఎంతమంది, పనివాళ్లు ఎన్నాళ్ల నుంచి ఉన్నారు, రాత్రి రెండింటికి ఊపిరాడకపోతే ఏ ఆస్పత్రికి తీసుకెళ్తారు, అంబులెన్సులో ఎవరు కూర్చుంటారు అడగండి. ఈ చివరిదానికి తడుముకుంటే వచ్చేయండి.

ఖర్చు: మేము నెలకి 28 వేలు కట్టాం. డైపర్లు, మందులు, ఫిజియో వేరే, అన్నీ కలిపి 36, 37 అయ్యేది. డిపాజిట్ ఎప్పుడు ఎంత తిరిగిస్తారో కాగితం మీద రాయించుకోండి. మేము రాయించుకోలేదు, మొదటి చోట పోయింది.

వస్తువులు పోతాయి, ఇది ఏ హోమ్‌లోనైనా ఉన్నదే. దొంగతనాలు తక్కువ, తారుమారు ఎక్కువ. ఒకసారి వెళ్తే మామయ్యగారు ఎవరిదో గులాబీరంగు స్వెట్టర్ వేసుకుని దర్జాగా కూర్చున్నారు. కట్టుడు పళ్లు పక్క మంచం ఆయన గ్లాసులో దొరికాయి. బట్టలన్నిటి మీద చెరగని పెన్నుతో పేరు రాయండి, కళ్లజోడు జత అదనంగా ఇవ్వండి, బంగారం ఇంట్లోనే ఉంచేయండి.

అమ్మగారికి పెన్షన్ ఉంటే లైఫ్ సర్టిఫికెట్ (మనిషి బతికే ఉన్నారని ఇచ్చే పత్రం) సంగతి ముందే చూసుకోండి. రైల్వే పెన్షన్‌కి ఏటా నవంబర్‌లో ఇవ్వాలి. మామయ్యగారి వేలిముద్రలు అరిగిపోయి మెషీన్ తీసుకోలేదు. ఇప్పుడు ఫోన్‌లో ముఖం చూపించి జీవన్ ప్రమాణ్ (ఆన్‌లైన్ లైఫ్ సర్టిఫికెట్) చేయొచ్చు, కాకపోతే కళ్లు ఆర్పాలి. "ఒక్కసారి కళ్లు ఆర్పండి మామయ్యగారూ" అంటే గట్టిగా మూసుకుని తెరిచేవారు కాదు. ఎనిమిదిసార్లకి అయింది.

బంధువుల మాటలంటారా, పడాలి. అందులో కోడలికి రెండింతలు. "మామని ఆశ్రమంలో పడేసింది" అన్నవాళ్లలో ఒక్కరూ రెండేళ్లలో ఒక్కసారి వచ్చి చూడలేదు. అమెరికాలో ఉన్న ఆడపడుచు మాత్రం ప్రతి శనివారం వీడియో కాల్‌లో గంట కూర్చునేది, ఆయన గుర్తుపట్టకపోయినా. పుట్టినరోజులని కేకులు పట్టుకుని వచ్చి, ముసలివాళ్ల చేతుల్లో అరటిపండు పెట్టి ఫొటోలు దిగే వాళ్లు వస్తుంటారు. మా అనుమతి లేకుండా ఫొటో తీయొద్దని మొదటి రోజే రాసిచ్చాను, మీరూ ఇవ్వండి. హోమ్‌లో ఏదైనా నిజంగా తప్పు జరుగుతుంటే 14567కి ఫోన్ చేయొచ్చు, వృద్ధుల కోసం ఉన్న ఎల్డర్‌లైన్ అది, డబ్బులు పడవు.

చేర్చేటప్పుడు ఒక కాగితం రాసి మంచం దగ్గర గోడకి అంటించండి. మేము ఆలస్యంగా అంటించాం. మందుల లిస్టు వాళ్ల దగ్గర ఎలాగూ ఉంటుంది. మాది ఇలా ఉండేది: కాఫీలో పంచదార ఒకటిన్నర చెంచా. చారు అన్నం ముందు, పప్పు తర్వాత. ఎడమ చెవి వినపడదు, కుడి వైపు నుంచి మాట్లాడాలి. తాతా అంటే కోపం, గార్డుగారూ అనాలి.

మామయ్యగారు పోయిన ఏడాది శ్రావణంలో వెళ్లిపోయారు. ఆ ఆయమ్మ ఇప్పటికీ ఫోన్ చేస్తుంది. మొన్న చేసి, ఆ కిటికీ పక్క మంచానికి రిటైరైన ఒక పంతులమ్మగారు వచ్చారని, సాయంత్రమయ్యేసరికి స్కూలుకి లేటయిందని లేచిపోతున్నారని, నువ్వూ టీచరమ్మవే కదా ఏం చెప్పాలో చెప్పు అని అడిగింది. "వాన పడుతోంది, కలెక్టరు సెలవిచ్చాడు" అని చెప్పమన్నాను. పనిచేసిందట.